దారి తప్పి వచ్చిన సొమ్ము

నరసరావుపేట

అల్లుడూ,

నీ ట్రేడింగ్ ఖాతాలో ఎక్కడివో తెలియని రెండు లక్షలు జమయ్యాయని, వెంటనే పంపేయాలా, ఎవరన్నా అడిగేదాకా ఊరుకోవాలా అని రాశావు. రెండూ వద్దు.

ముందు లెడ్జర్ తెరువు. యాప్‌లో పైన మెరిసే బ్యాలెన్సు కాదు, లెడ్జరే చూడాలి. షేర్లు అమ్మిన డబ్బు మర్నాటి పనిదినానికి జమవుతుంది. నువ్వు అమ్మి మరిచిపోయినవేమో సరిచూసుకో.

నీది కాదని తేలిందా, ఇక ముట్టుకోకు. మాచర్ల వైపు పొరుగువాళ్ల ఎద్దు తాడు తెంచుకుని మన దొడ్లోకొస్తే కట్టేసి గడ్డి వేస్తారు గానీ, కాడి మెడకెత్తి చేను దున్నుకోరు. ఎవడో వచ్చి నాదేనన్నా పలుపు చేతికిచ్చెయ్యరు. ఇక్కడ చిక్కేమిటంటే, ఆ డబ్బు నీ మార్జిన్‌లో కలిసిపోతుంది, ఆర్డరు పెడితే యాప్ కాదనదు. అందుకే సంగతి తేలేదాకా కొత్త ఆర్డర్లు ఆపు, బ్యాంకు ఖాతాకూ లాక్కోకు. ఆ డబ్బుతో ఆడి నష్టపోయినా రెండు లక్షలూ కట్టాల్సిందే. పొరపాటున అందిన సొమ్ము తిరిగివ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షనే చెబుతోంది. దురుద్దేశంతో వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314 కింద కనీసం ఆరు నెలల జైలు.

మన పల్నాడు జిల్లా ఏర్పడిన నెలలోనే, 2022 ఏప్రిల్‌లో, తెలంగాణలో దళితబంధు పథకం డబ్బు తలా పది లక్షల చొప్పున 15 మంది ఆసుపత్రి ఉద్యోగుల ఖాతాల్లో పడింది. బ్యాంకులో జరిగిన పొరపాటది. 14 మంది తిరిగిచ్చారు. ఒకాయన మాత్రం ఏదో ప్రభుత్వ పథకం కింద తనకొచ్చిన డబ్బేననుకుని అప్పులకు కట్టాడు, పోలీసు కేసయింది. పాపం, తప్పు చేసింది వేరొకరు, స్టేషనుకెళ్లింది ఆయన!

ఇవ్వడానికీ పద్ధతుంది. నీ రిజిస్టర్డ్ మెయిల్ నుంచి బ్రోకరుకు తేదీ, మొత్తం, లెడ్జర్ ఎంట్రీ రాసి, ఇది నాది కాదు, వెనక్కి తీసుకోండి అని పంపు. ఫిర్యాదు నంబరు దాచుకో. ఫోన్లో చెప్పి ఊరుకోకు, రేపు సాక్ష్యముండదు. రివర్సల్ ఎంట్రీ వాళ్లే వేస్తారు. పొరపాటున షేర్లు జమయినా ఇంతే, అమ్మకూడదు. జవాబు రాకపోతే సెబీ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో ఫిర్యాదు పెట్టు, 21 రోజుల్లో బ్రోకరు బదులివ్వాలి.

ఈలోగా ఎవడో ఫోన్ చేసి, "అన్నా, పొరపాటున వేశాను, ఈ నంబరుకు ఫోన్‌పే చెయ్యి" అంటే చెయ్యకు. దొంగసొమ్మును చేతులు మార్చే ముఠాల ఎత్తు అది, చివరికి నీ ఖాతా స్తంభిస్తుంది. నా భయమంతా ఇదే, నీది మెత్తని మనసు. బ్రోకరుకే రాసుకోమని చెప్పి పెట్టేయ్. బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయి.

రివర్సల్ పడ్డాక లెడ్జర్ పీడీఎఫ్ దించుకో. కోటప్పకొండ తిరునాళ్లకి వస్తావుగా, తీసుకురా, ఓసారి చూస్తాను.

మీ మామయ్య