గడ్డి మొక్కలలో పురుగుల ఎంపిక

వరి, ఊద, రాగి, చెరకు, గట్టుమీద పెరిగే గరిక, ఇవన్నీ గడ్డి కుటుంబానికి చెందిన మొక్కలే. అయినను పురుగులు వీటిని ఒకే విధముగా ఆశించవు. మార్కండి, బరంపురం పరిసరాల నుండి నగరాలకు వలస వచ్చి, స్వగ్రామములో వరిసాగు కొనసాగిస్తున్న కుటుంబాలు ఈ భేదమును గ్రహించుట మేలు. పురుగుమందుకు డబ్బు పంపవలసినది తరచుగా వారే.

పురుగు ఎంపిక అంచెలుగా జరుగును. దూరమునుండి రంగు, వాసన దానిని ఆకర్షించును. మొక్కపై వాలిన తరువాత రుచియే నిర్ణయించును. సుడిదోమ తన సూదివంటి నోటిని కాండములో గుచ్చి రసమును పరీక్షించును. వరి రసము సరిపడినచో అక్కడే స్థిరపడును. ఊద రసములో ట్రాన్స్ అకోనిటిక్ ఆమ్లము ఉన్నందున నోటిని వెనుకకు తీసికొనును. కనుక ఊద పెరిగిన మాత్రాన సుడిదోమ వృద్ధి చెందదు.

కంపునల్లి తీరు వేరు. వరి ఈనకముందు అది ఊద మొదలైన గడ్డి కంకులపై జీవించును. వరిగింజ పాలు పోసుకొనగానే పొలములోనికి చేరి ఆ పాలను పీల్చును. గింజలు తాలుగా మారును. ఈ పురుగు విషయములో గట్లపై గడ్డిని ముందుగానే తొలగించుట అవసరము.

వరి రకాలన్నియు పురుగుకు సమానము కావు. సుడిదోమను తట్టుకొనే ఐ.ఆర్. 26 రకమును ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో విడుదల చేసినది. కొన్ని ఏండ్లలోనే ఆ రకముపైనను బ్రతుకగల దోమలు వృద్ధి చెందినవి. కనుక ఒకే రకమును ఏటేటా నమ్ముకొనరాదు.

పురుగును గుర్తింపక మందు చల్లుట నష్టదాయకము. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు దోమను తినే సాలీళ్లను చంపుటచే దోమ మరింత పెరుగును. నత్రజని ఎరువు మితిమీరినను అదే ఫలితము. నాటునప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడిచినచో గాలి, వెలుతురు సోకి దోమ తగ్గును.

ఊరినుండి “పురుగు పట్టినది” అను కబురు వచ్చినప్పుడు ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒకటి: పురుగు దుబ్బు మొదట ఉన్నదా, కంకిపై ఉన్నదా? మొదట ఉన్నది సుడిదోమ కావచ్చును. కంకిపై దుర్వాసనతో ఉన్నది కంపునల్లి కావచ్చును. వ్యవసాయ అధికారికి ఈ సమాచారము తెలిపిన పిమ్మటనే మందు కొనవలెను.