బియ్యం కోసమే మారారా? గుండ్లకమ్మ ఒడ్డున ఏం జరిగింది

మొన్న ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే, తార్నాక నుంచి వచ్చిన ఒక తమ్ముడు అన్నాడు: "మిషనరీలు బియ్యం పంచారు, మనోళ్ళు మారిపోయారు. అంతే కదన్నా!" నేనూ ఒకప్పుడు అదే అనేవాణ్ణి. ఒంగోలు సంగతి చదివాక ఆ మాట నోటికి రావట్లేదు.

1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీని ఘోరమైన కరువు పట్టింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి పని చూపించాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ కరువు పని నడిచినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం చేరారనే మాట రాకూడదని! మళ్ళీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్ళలో నిలబడి ఇచ్చారు.

కరువుకి సంబంధమే లేదని నేననను. ఆకలప్పుడు చెయ్యందించినవాణ్ణి ఎవరు మర్చిపోతారు? కానీ ఈ కథ కరువుకి పదేళ్ళ ముందే మొదలైంది.

తాళ్ళకొండపాడుకి చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. ఆయన దేవుడంటే తెలియనివాడేం కాదండి. రాజయోగం నేర్చుకున్న సాధకుడు, తనకంటూ శిష్యులున్నవాడు. అలాంటి మనిషి 1866లో క్రైస్తవం తీసుకున్నాడు. ఆయన వెనకే ఊళ్ళకి ఊళ్ళు కదిలాయి. మాదిగలను చేర్చుకుంటే మేం రామని ఒంగోలు పెద్దకులాల వాళ్ళు క్లౌకి చెప్పేశారు. ఆయన మాదిగలనే చేర్చుకున్నాడు.

యోగం తెలిసిన పేరయ్యకి గుడి గడప దాటే హక్కు లేదు. మద్రాసు రాష్ట్రంలో అందరికీ ఆలయ ప్రవేశం కల్పించిన చట్టం వచ్చింది 1947లో. అంటే గుండ్లకమ్మ ఒడ్డున ఆ రోజు గడిచిన 69 ఏళ్ళకి.

ఇదంతా విని తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "మా ఊరి రామాలయంలోకి ఇప్పుడు అందరూ వస్తున్నారా అన్నా?" నాకేం తెలుసు! ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటానన్నాడు.