బాబుకి ఐక్యూ పరీక్ష చేయించే ముందు

చి. సౌ. మాధవికి,

బాబుకి ఐక్యూ పరీక్ష చేయించమని స్కూల్లో అన్నారనీ, ఎంత వస్తే మంచిదనీ అడిగావు. ఆ లెక్క తర్వాత. ఎందుకు చేయించమంటున్నారో ముందు టీచరుగారిని అడుగు. చదవలేకపోతున్నాడా, లెక్కలు తప్పుతున్నాడా, కుదురుగా కూర్చోవడం లేదా? ఒక్కోదానికి చూసే పద్ధతి ఒక్కోటి. విన్న కథని పొల్లుపోకుండా తిరిగి చెప్పే పిల్లాడు మూడో తరగతిలో ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్నాడంటే, నేను అనుమానించేది తెలివిని కాదు, చదవడంలో ఉన్న ఇబ్బందిని. అది తేల్చాలంటే చదివించి, రాయించి చూసే పరీక్షలు కూడా పెట్టాలి. వీటన్నిటికంటే ముందు వినికిడి, చూపు పరీక్షలు చేయించు.

ఇక ఐక్యూ పరీక్ష సంగతి. 1905లో పారిస్‌లో బినే అనే మనస్తత్వవేత్త మొదటి పరీక్ష తయారుచేసింది బడిలో ఎవరికి అదనపు సాయం కావాలో కనిపెట్టడానికి, జీవితాంతం ఉండే ముద్ర వేయడానికి కాదు. ఇప్పటి పరీక్షల్లో సగటు 100. మూడింట రెండొంతుల మంది 85కీ 115కీ మధ్యే ఉంటారు. ఏ స్కోరైనా కొంత అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి 92కీ 96కీ తేడా వెతుక్కుని బాధపడకు. 70 కంటే తక్కువ వచ్చినా అంతమాత్రాన మేధో వైకల్యం అని రాయకూడదు. తిండి, బట్ట, డబ్బు, నలుగురిలో మెలగడం, ఇవెలా చేసుకుంటున్నాడో కూడా చూడాలి.

ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మీ వాడికి. పదాల అర్థాలు ఇంగ్లీషులో అడిగితే కొలిచేది వాడి ఇంగ్లీషునే. ఏ భాషలో చేస్తారో, ఏ పరీక్ష వాడతారో అడుగు. మన దగ్గర మాలిన్ స్కేలు అనే ఐక్యూ పరీక్ష ఇంకా వాడుకలో ఉంది. దాని ప్రమాణాలు 1960ల నాటివి. పాత ప్రమాణాలతో కొలిస్తే స్కోరు ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడే అవకాశం ఉంది.

పరీక్ష చేసేవారు ఆర్‌సీఐలో (భారత పునరావాస మండలి) నమోదైన క్లినికల్ సైకాలజిస్టు అయి ఉండాలి, రిపోర్టు మీద ఆ నమోదు నంబరు ఉండాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ ఉంది, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. మా తరం వాళ్లం ఇప్పటికీ పాత పేరుతో ఎన్‌ఐఎంహెచ్ అనే అంటాం. వేలిముద్రలు తీసుకుని పిల్లాడు డాక్టరవుతాడో ఇంజినీరవుతాడో చెబుతామనే వాళ్ల జోలికి మాత్రం పోకు. దానికి శాస్త్రం లేదు, ఫీజు మాత్రం ఉంటుంది!

నెట్‌లో నమూనా ప్రశ్నలు వెతికి బట్టీ పట్టించకు. అలా చేస్తే స్కోరు పెరగొచ్చు, నీకు కావలసిన జవాబు మాత్రం దొరకదు. ముందురోజు త్వరగా పడుకోబెట్టు, పొద్దున్న కడుపునిండా టిఫిన్ పెట్టు. జలుబో జ్వరమో ఉంటే వాయిదా వెయ్యి. అలిసిపోతే మిగతాది మరో రోజు పెట్టమను. నువ్వు బయటే కూర్చో, పరీక్ష అనకుండా "కొన్ని పజిల్స్, కొన్ని ప్రశ్నలు" అని చెప్పు చాలు.

రిపోర్టులో మొత్తం స్కోరు ఒక్కటే ఇస్తే ఒప్పుకోకు. మాటల్లో చురుకై, అంకెలు గుర్తుపెట్టుకోవడంలో వెనకబడిన పిల్లాడి సగటు చూస్తే ఏమీ తెలియదు. విడివిడి భాగాల స్కోర్లు, తరగతిలో ఏం మార్చాలో అందులో రాయించుకో. చదవడంలో ఇబ్బందే అని తేలినా దిగులుపడకు, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అలాంటి అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది. సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షల్లో అలాంటి పిల్లలకి మూడు గంటల పేపరుకి గంట అదనంగా ఇస్తారు. అందుకు సర్టిఫికెట్ కావాలి, కాబట్టి కాగితాలన్నీ ఒక ఫైల్లో దాచు.

నీ
పెద్దమ్మ

తా.క.: మీ మామగారి మతిమరుపు సంగతి కూడా రాశావు. పెద్దవాళ్లకి చేసేది వేరే పరీక్ష, న్యూరాలజిస్టు దగ్గర మొదలుపెట్టండి. ముందు థైరాయిడ్, బీ12 చూపించండి, అవి తగ్గినా మరుపు వస్తుంది. ఆయన ఎంతవరకు చదువుకున్నారో, పొలం లెక్కలూ చీటీల లెక్కలూ ఇదివరకు ఎలా చూసుకునేవారో డాక్టరుకి తప్పకుండా చెప్పండి. బడికి పెద్దగా పోనివాళ్లకి కాగితం మీది పరీక్షలో మార్కులు తగ్గడం మామూలే.