సిక్స్‌ప్యాక్ కాదు, ముందు 600 మీటర్లు



జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ వైపు మన స్కూల్ బస్సులు వచ్చే దారిలో చొక్కా లేని హీరో హోర్డింగ్ ఒక్కటైనా కనిపించని నెల ఉండదు. పిల్లలు కిటికీలోంచి రోజూ దాన్ని చూస్తూనే వస్తారు. అందుకే తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు మొన్న గ్రౌండ్‌లో నా దగ్గరికొచ్చి, "సార్, సిక్స్‌ప్యాక్ ఎన్ని నెలల్లో వస్తుంది?" అని అడిగితే నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. "ముందు 600 మీటర్లు ఆగకుండా పరిగెత్తి రా, తర్వాత చెబుతా" అన్నాను. సగం దూరం కూడా వెళ్లకుండానే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. చేతుల కండలు మాత్రం బాగానే ఉన్నాయి. సాయంత్రాలు జిమ్‌కు వెళ్తున్నాడట.

ఇందులో వాడి తప్పేమీ లేదు. ఫిట్‌నెస్ అంటే ఏమిటో మనం వాడికి సరిగా చెప్పలేదు, అంతే. కండలు అందులో ఒక ముక్క మాత్రమే. ఆరోగ్యానికి సంబంధించిన శారీరక దృఢత్వంలో అయిదు విషయాలు చూస్తాం. మొదటిది గుండె, ఊపిరితిత్తుల ఓర్పు: ఎంతసేపు ఆయాసం లేకుండా పని చేయగలం అన్నది. రెండోది కండర బలం, అంటే ఒక్కసారిగా ఎంత బరువు ఎత్తగలం అన్నది. అదే పనిని అలసిపోకుండా ఎన్నిసార్లు చేయగలమన్నది కండరాల ఓర్పు, ఇది మూడోది. నాలుగోది కీళ్లు, కండరాలు సులువుగా వంగే, సాగే గుణం. అయిదోది శరీరంలో కొవ్వు ఎంత, కండ, ఎముక ఎంత అనే నిష్పత్తి. హోర్డింగ్ మీద కనిపించేది ఈ చివరిది ఒక్కటే. అది కూడా ఆ షాట్ తీసిన రోజుకే. అలాంటి షాట్‌కు ముందు కొందరు నటులు ఉప్పు, నీళ్లు కూడా తగ్గించేస్తారు. అది వాళ్ల వృత్తి కోసం నిపుణుల మధ్య చేసే పని. ఎదిగే పిల్లలు అలా నీళ్లు మానేస్తే కళ్లు తిరిగి పడిపోతారు. పౌడర్ డబ్బాల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను: డాక్టర్ చెప్పకుండా ఏ ప్రొటీన్ డబ్బా వద్దు. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు చాలు.

సినిమా ఊళ్లోనే ఉన్నాం కాబట్టి సినిమా ఉదాహరణే ఇస్తాను. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'లో 'నాటు నాటు' పాటను మన పిల్లలు ఎన్నిసార్లు చూసి ఉంటారో మీకే తెలుసు. అందులో పోటీ ఎవరి కండలు పెద్దవి అన్నది కాదు, చివరిదాకా ఎవరు నిలబడతారు అన్నది. ఒక్కొక్కరే అలసి పడిపోతుంటారు. ఆఖరికి మిగిలేది ఇద్దరు. నా దృష్టిలో వ్యాయామ విద్య పాఠం మొత్తం ఆ పాటలో ఉంది. ఆగకుండా ఆడటానికి గుండె ఓర్పు కావాలి. పదేపదే కాలు ఝాడించడానికి కండరాల ఓర్పు కావాలి. ఇద్దరూ ఒకే అడుగు ఒకే క్షణంలో వేయడానికి మెదడుకూ కండరాలకూ పొత్తు కుదరాలి, దీన్నే మేం నాడీ కండర సమన్వయం అంటాం. ఇక చివర్లో రామ్ తన స్నేహితుడి కోసం కావాలనే ఓడిపోతాడు. గెలవగలిగి కూడా పక్కవాడి సంతోషం కోసం తగ్గగలగడం ఏ జిమ్‌లోనూ రాదు, జట్టుగా ఆడితేనే వస్తుంది. వ్యాయామ విద్య లక్ష్యాలు అంటూ పుస్తకాల్లో రాసే శారీరక, మానసిక, భావోద్వేగ, సామాజిక వికాసం అనే పెద్ద మాటల అర్థం ఇదే.

ఛాంపియన్లను తయారు చేయడం మా పీరియడ్ లక్ష్యం కాదని కూడా చెప్పాలి. ఇక్కడికి దగ్గర్లోనే, గచ్చిబౌలిలో, గోపీచంద్ అకాడమీ ఉంది, ఆ పనికి అలాంటి చోట్లు వేరే ఉన్నాయి. అక్కడ శిక్షణ పొందిన పి.వి.సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. తండ్రి రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఉన్నారు. అయినా కూతురు బ్యాడ్మింటన్ రాకెట్ పట్టుకుంటే కాదనలేదు. మీకు క్రికెట్ ఇష్టమైనా మీ అమ్మాయికి స్కిప్పింగ్ ఇష్టమైతే స్కిప్పింగే ఆడనివ్వండి.

ఎంత వ్యాయామం కావాలి?

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలనీ, వారంలో కనీసం మూడు రోజులు అది కాస్త గట్టిగా, ఎముకలకూ కండరాలకూ పని చెప్పేలా ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అంటే వారానికి 420 నిమిషాలు. మన టైమ్‌టేబుల్లో 40 నిమిషాల పీరియడ్లు రెండు, అంటే 80. అందులోనూ లైను కట్టడానికీ, షూ లేసులకూ, మంచినీళ్లకూ పోయేది పోగా మిగిలేదెంతో మాకు తెలుసు. పరీక్షల నెలలో ఆ రెండింటిలో ఒకటి మ్యాథ్స్‌కు వెళ్లిపోవడం కూడా జరుగుతోంది. ఒలింపియాడ్ క్లాసు కోసం పీఈ నుంచి మినహాయింపు ఇవ్వమని అడిగే ఉత్తరాలూ వస్తున్నాయి, మేమూ మొహమాటానికి సంతకం పెట్టేస్తున్నాం. ఈ తప్పులో మన ఇద్దరికీ వాటా ఉంది. చదువు, ఆట వేరువేరు కాదనీ, ఆటలు 'అదనపు' విషయం కాదనీ జాతీయ విద్యా విధానం 2020లోనే చెప్పింది.

మిగతా 340 నిమిషాలు ఇంటి దగ్గరే దొరకాలి. మీలో చాలామంది ఉదయం కేబీఆర్ పార్కుకు నడకకు వెళ్తారు. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన అంత అడవి, నెమళ్లతో సహా, మన గుమ్మం ముందుంది. ఆదివారం పిల్లల్నీ లేపి తీసుకెళ్లండి. లేవనని గోల చేస్తారు, మా ఇంట్లోనూ అంతే. పార్కు కుదరకపోతే మన వీధులే చాలు, ఈ కొండ ఎత్తుపల్లాలకు మించిన ట్రెడ్‌మిల్ లేదు. ఎంత వేగంగా నడవాలో తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే శ్రమ మధ్యస్థంగా ఉన్నట్టు. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే గట్టిగా ఉన్నట్టు. (తెర మీద హీరో ఎగురుతూ కూడా పాడతాడు కదా అని పిల్లలు అడుగుతారు. ప్లేబ్యాక్ సంగతి చెప్పండి.)

ఏదైనా కొంచెం కొంచెంగా పెంచాలి. ఈ వారం పది నిమిషాలు పరిగెత్తినవాడు వచ్చే వారం పన్నెండు చేస్తే చాలు. మొదలుపెట్టే ముందు ఒళ్లు వేడెక్కేలా అయిదు నిమిషాలు, ఆపే ముందు మెల్లగా అయిదు నిమిషాలు నడవాలి.

అమ్మలకు ప్రత్యేకంగా ఒక మాట. ఏడు, ఎనిమిది తరగతులకు రాగానే అమ్మాయిలు గ్రౌండ్ పక్కన కూర్చోవడం మొదలవుతుంది. నల్లబడతామని కొందరు, నెలసరి అని కొందరు. ఎండ మీద పడకుండా వాళ్ల పీరియడ్‌ను మొదటి గంటకు మారుస్తున్నాం. నెలసరి రోజుల్లో ఇబ్బంది ఉంటే విశ్రాంతి తీసుకోవచ్చు, లేకపోతే ఆడుకోవచ్చు, అది తనే చెప్పాలి. మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతపు అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది.

ఈ నెల ఖేలో ఇండియా పద్ధతిలో ఫిట్‌నెస్ పరీక్షలు పెడుతున్నాం. నాలుగో తరగతి నుంచి పైవాళ్లకు 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చుని ముందుకు వంగి అందుకోవడం, పుషప్స్, పొట్ట కండరాల కర్లప్స్, ఎత్తు, బరువు ఉంటాయి. చిన్నవాళ్లకు ఒంటికాలి మీద నిలబడటం, బల్ల మీద పళ్లేలను వేగంగా తట్టడం. ర్యాంకులు ఇవ్వం. కార్డులో పోయినసారి అంకె పక్కన ఈసారి అంకె మాత్రమే ఉంటుంది. బీఎంఐని పెద్దల లెక్కతో చూడకండి, పిల్లలకు వయసును బట్టి, ఆడా మగా బట్టి అది మారుతుంది. ఆ అంకె పట్టుకుని ఇంట్లో ఎవరినీ 'లావు' అని పిలవద్దు. ఆస్తమా, గుండె సమస్య లాంటివి ఉంటే ముందే మాకు రాసి పంపండి.

పరీక్ష రోజున తేలికపాటి టిఫిన్, నీళ్ల సీసా, సరిపోయే స్పోర్ట్స్ షూ చాలు. ఆ తొమ్మిదో తరగతి అబ్బాయి ఇప్పుడు రోజూ బస్సు రాకముందే గ్రౌండ్‌కు వస్తున్నాడు. నిన్న 400 మీటర్ల దాకా ఆగలేదు.