ఒక్క కనెక్షన్ - హాస్టల్ మొత్తానికి ఇంటర్నెట్

హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లకు ఆఖరి తేదీ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆ రోజే గడువు. కాలేజీ నుంచి వచ్చి నెట్ సెంటర్‌కు పరుగెత్తితే అక్కడ అప్పటికే ఇరవై మంది. ఆడపిల్లల హాస్టల్లో అయితే చీకటి పడ్డాక గేటు దాటే వీలే ఉండదు. ఎవరి ఫోన్‌లోనైనా డేటా ఉంటే ఆ ఫోన్ చుట్టూ పదిమంది. మేం ముగ్గురం తెనాలి, బాపట్ల, రేపల్లె హాస్టళ్లలో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు ఒకేచోట చేరినవాళ్లం. మూడు చోట్లా ఇదే కథ. అందుకే మా హాస్టల్‌కు ఆరు పాత కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటన్నిటినీ ఒకే కనెక్షన్‌కు కలపాలనుకున్నాం. వార్డెన్ గారు సరేనన్నారు. ఆ పనిలో నేర్చుకున్నదే ఈ వ్యాసం.

నెట్‌వర్క్‌కు పుస్తకంలో ఉన్న నిర్వచనం ఎన్నిసార్లు చదివినా మాకు బుర్రకెక్కలేదు. రేపల్లె బండి గుర్తు చేసుకుంటే ఇట్టే అర్థమైంది. రేపల్లె నుంచి బాపట్లకు రైల్లో నేరుగా దారి లేదు. భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలి రావాలి. అక్కడ బండి మారి నిడుబ్రోలు, అప్పికట్ల మీదుగా బాపట్ల చేరాలి. చెన్నై వెళ్లాలన్నా, విజయవాడ వెళ్లాలన్నా రైలు మార్గంలో రేపల్లె వాళ్లకు తెనాలే గుమ్మం. కంప్యూటర్ సెట్టింగుల్లో 'డిఫాల్ట్ గేట్‌వే' అని కనిపించేది ఇదే. తన నెట్‌వర్క్‌లో లేని చిరునామా ఏది వచ్చినా కంప్యూటర్ దాన్ని గేట్‌వేకు అప్పగిస్తుంది. ఆపైన ఎటు పంపాలో గేట్‌వే చూసుకుంటుంది. మన హాస్టల్లో ఆ పని చేసే పెట్టె రౌటర్.

ఇక ఒక కనెక్షన్‌ను ఆరుగురు ఎలా వాడతారు? దీనికి పోస్టు ఉదాహరణ చాలు. ఉత్తరాలన్నీ హాస్టల్ చిరునామాకే వస్తాయి. ఎవరు ఏ గదిలో ఉంటారో పోస్ట్‌మన్‌కు తెలియదు, ఆయనకు అవసరం లేదు కూడా. గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయ్ చూసి గదులకు పంపుతాడు. రౌటర్ కూడా అంతే. బయటికి వెళ్లే ప్రతి కోరికను తన చిరునామాతో పంపి, అది ఏ కంప్యూటర్ నుంచి వచ్చిందో ఒక పట్టికలో రాసుకుంటుంది. జవాబు రాగానే పట్టిక చూసి సరైన కంప్యూటర్‌కు ఇస్తుంది. దీన్ని నాట్ అంటారు. నాలుగో వెర్షన్ ఐపీలో మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లే. అవి చాలవని ముందే గ్రహించి మూడు వరుసల నంబర్లను లోపలి వాడకానికి కేటాయించారు. 192.168తో మొదలయ్యేవి వాటిలోవే. మా రౌటర్ 192.168.1.1, కంప్యూటర్లు 11 నుంచి 16 వరకు. ఇవే నంబర్లు తెనాలిలో ఏ ఇంట్లోనైనా ఉండవచ్చు, తగాదా రాదు. గది నంబర్ 5 ప్రతి హాస్టల్లోనూ ఉంటుంది కదా!

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. అప్పుడంతా టెలిఫోన్ లైన్ మీదే. 1999లో వచ్చిన విండోస్ 98 రెండో ఎడిషన్‌లో ఒక కంప్యూటర్ కనెక్షన్‌ను మిగతావాటికి పంచే సౌకర్యం పెట్టారు. కాకపోతే ఆ ఒక్కటి ఆపేస్తే అందరికీ ఆగిపోయేది. మన రాష్ట్రంలో కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగిన ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయల నుంచి పథకాలు ఉండేవి.

అసలు కష్టం వైరింగ్‌లో ఉంది. క్యాట్ 5ఈ కేబుల్‌లో ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలుగా మెలితిప్పి ఉంటాయి. ఆర్‌జె 45 పిన్‌లో వాటి వరుస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలోకి నీలం జత ఎందుకు దూరింది? మాకు అది తప్పులా అనిపించింది. ఏ జతను ఆ జత పక్కపక్కనే పెట్టి, రెండు చివర్లా ఒకేలా క్రింప్ చేశాం. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగాయి. కానీ వంటగది పక్క గదిలో ఉన్న కంప్యూటర్‌లో పేజీ సగం వచ్చి ఆగిపోయేది. రెండు రోజులు కంప్యూటర్‌నే తిట్టుకున్నాం.

సంగతేమిటంటే, 3, 6 పిన్‌లు కలిసి ఒక సిగ్నల్‌ను మోస్తాయి. అవి ఒకే మెలికలో ఉన్న జత అయితేనే బయటి అలజడి రెండిటి మీదా సమానంగా పడి రద్దవుతుంది. మేం 3లో ఆకుపచ్చ జత తీగ, 6లో నీలం జత తీగ పెట్టాం. తీగ తెగలేదు కాబట్టి టెస్టర్ బాగుందనే చెప్పింది. టెస్టర్ చూసేది కరెంటు పారుతోందా అన్నదే, మెలిక సంగతి దానికి పట్టదు. పిన్‌లు కోసి వరుస ప్రకారం కొత్తవి వేశాక అదే కంప్యూటర్ పరుగెత్తింది. తీగల మెలికను అవసరానికి మించి విప్పవద్దు. కరెంటు వైర్లు పోయే పైపులోనే ఈ కేబుల్ లాగవద్దు. 100 మీటర్లు దాటనివ్వవద్దు.

ఇంకొకటి: ఎవరో తెచ్చిన రెండో రౌటర్‌ను స్విచ్‌కు తగిలించారు. అది కూడా నంబర్లు పంచడం మొదలుపెట్టింది. సగం కంప్యూటర్లు దానిని గేట్‌వే అనుకుని దిక్కులేకుండా పోయాయి. నంబర్లు ఇచ్చే పని, అంటే డీహెచ్‌సీపీ, ఒక్క రౌటర్‌కే ఉండాలి.

వేగం లెక్క కూడా చూద్దాం. కనెక్షన్ 15 ఎంబీపీఎస్ అనుకుంటే, అది బిట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైట్. పన్నెండు మంది ఒకేసారి వాడితే ఒక్కొక్కరికి 1.25. 5 ఎంబీ ప్రశ్నపత్రం దిగడానికి 32 సెకన్లు. పాత 56 కేబీపీఎస్ మోడెమ్ అయితే దాదాపు 12 నిమిషాలు. మనకు చాలినంతే ఉంది, ఒకరు సినిమా పెట్టనంతవరకు. దరఖాస్తుల వారంలో రాత్రి తొమ్మిది దాకా వీడియోలు ఆపాలని మేమే నిర్ణయించాం. గొణుగుడు లేకపోలేదు.

అందరి కంప్యూటర్ కాబట్టి మరో జాగ్రత్త. మొదటి నెలలోనే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో నలుగురి ఆధార్, కుల ధృవీకరణ, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు కనిపించాయి. ఎవరైనా తీసుకుపోవచ్చు. పని అవగానే లాగౌట్ చేయాలి, ఫైలు తీసేయాలి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. పాస్‌వర్డ్ గుర్తుంచుకోమంటారా అని బ్రౌజర్ అడిగితే వద్దనాలి.

ఇంటర్నెట్ పోతే నెట్‌వర్క్ పోయినట్టు కాదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు స్తంభాల మీది కేబుల్‌కు ఏమవుతుందో చెప్పలేం. కానీ లోపల కరెంటు ఉంటే ఆరు కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. అందుకని ఒక కంప్యూటర్‌లో పాత ప్రశ్నపత్రాలు, నోట్సు ఒక ఫోల్డర్‌లో పెట్టి, చదవడానికి మాత్రమే అనుమతితో అందరికీ పంచాం. మార్చే అనుమతి ఇస్తే పరీక్షల ముందు ఎవరో ఒకరు పొరపాటున తుడిచేస్తారు. ఉరుములు వస్తే మాత్రం రౌటర్ ప్లగ్గు, బయటి కేబుల్ రెండూ పీకేయండి.

వచ్చే నెల పైగదులకు ఇంకో కేబుల్ లాగాలి. క్రింపింగ్ నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లు ఆదివారం టిఫిన్ అయ్యాక స్టడీ హాల్‌కు రండి. మేం కోసి పారేసిన పాత పిన్‌లు దాచి ఉంచాం, తప్పు ఎక్కడుందో వాటిని చూసి చెప్పాలి.