పంటి వేరు కొన – ఎముక మరల పూడు విధము

ఆటలలో పడినపుడు పిల్లల ముందుపన్ను దెబ్బతినుట కలదు. అది శాశ్వత దంతమై లోని నరము చచ్చినచో, కొంతకాలమునకు వేరు కొనయొద్ద చీము చేరి, చుట్టునున్న ఎముక కరగును. వేరులోని కాలువను శుభ్రపరచి పూడ్చినచో సాధారణముగా నయమగును. కానియెడల వైద్యులు చిగుళ్లను తెరచి, చెడిన భాగమును తొలగించి, వేరు కొనను సుమారు 3 మిల్లీమీటర్లు కోసి, రంధ్రమును మూయుదురు. ఇందులకు అమెరికాలో తొరాబినెజాద్ బృందము 1993లో ప్రకటించిన ఎం.టి.ఎ. అను సిమెంటు ప్రసిద్ధము. తడిలోనే గట్టిపడుట దాని గుణము.

పిమ్మట మిగిలిన గుంట పూడవలెను. మెత్తని కండ త్వరగా పెరుగును. ఎముకకు నెలలు పట్టును. గుంట పెద్దదైనచో కండయే ముందు చొరబడి ఎముకకు చోటు లేకుండ చేయును. కావున సన్నని పొరను అడ్డముగా పరచి, శుద్ధిచేసిన ఎముక పొడిని నింపుదురు. ఫ్రాన్సు దేశీయుడగు షుక్రూన్ 2001లో వేరొక మార్గము చూపెను. రోగి రక్తమునే కొంచెము తీసి, యంత్రమున వేగముగా త్రిప్పగా ఏర్పడిన ఫైబ్రిన్ గడ్డను గుంటలో నుంతురు. దీనిని పి.ఆర్.ఎఫ్. అందురు.

చిన్న గుంటలకు ఇవి సామాన్యముగా అక్కరలేదు; అవి తమంత పూడును. వేరు కొన సరిగా మూయబడనిచో ఏ పదార్థమును మేలుచేయజాలదు.

దెబ్బతగిలిన పన్ను నల్లబడినను, చిగుళ్లపై పొక్కు లేచినను, నొప్పి లేదని తల్లిదండ్రులు ఊరకుండరాదు. 1953లో ఆరంభమైన చెన్నై ప్రభుత్వ దంతవైద్య కళాశాల పొన్నేరి వారికి రైలుదూరముననే యున్నది. వేళకు చూపించిన పంటికి తరచుగా ఈ శస్త్రచికిత్సయే అవసరముండదు.