గీసిన సర్క్యూట్ నుంచి వెలిగే బల్బు దాకా

కొత్త ఎల్‌ఈడీ బల్బు ఏడాదికే ఆరిపోతే ఎల్‌ఈడీ కాలిపోయిందనుకుంటాం. చాలాసార్లు ముందు పాడయ్యేది బల్బు లోపలి డ్రైవర్ సర్క్యూట్. ఇంజినీరు బల్ల మీద చక్కగా పనిచేసిన సర్క్యూటే మన ఇంట్లో ఎందుకు మొరాయిస్తుంది?

మన ఇంటి 230 వోల్టుల ఏసీ కరెంటు గరిష్ఠంగా సుమారు 325 వోల్టుల దాకా వెళ్తుంది. డ్రైవర్‌లోని నాలుగు డయోడ్లు దాన్ని ఒకే దిశకు మళ్లిస్తాయి. కెపాసిటర్ ఎగుడుదిగుళ్లను చదును చేస్తుంది. చిన్న ఐసీ ఒకటి ఎల్‌ఈడీలకు స్థిరమైన కరెంటు అందిస్తుంది.

ఈ సర్క్యూట్‌ను ఇంజినీరు కంప్యూటర్‌లో రాగి దారుల పటంగా మార్చి, గర్బర్ ఫైళ్ల రూపంలో ఫ్యాక్టరీకి పంపుతాడు. అక్కడ రాగి పొర అతికించిన పలక మీద దారులను మాత్రం ఉంచి, మిగతా రాగిని రసాయనాలతో కరిగించేస్తారు. చిన్న భాగాలను యంత్రం సోల్డర్ పేస్టు మీద పేరుస్తుంది. తర్వాత పలక పొయ్యిలోకి వెళ్తుంది. సీసం లేని తగరం-వెండి-రాగి సోల్డర్ సుమారు 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి పొయ్యి అంతకన్నా వేడిగానే ఉండాలి. కాళ్లున్న పెద్ద భాగాలను విడిగా అతుకుతారు.

ఇంతవరకూ యంత్రాల పని. అసలు చిక్కు భాగాల కొనుగోలులో వస్తుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌లోని ద్రవం వేడికి మెల్లగా ఆవిరైపోతుంది. స్థూలంగా, ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుంది. ఇంజినీరు 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు నిలిచే కెపాసిటర్‌ను రాశాడనుకుందాం. బల్బు లోపల 85 డిగ్రీలుంటే అది దాదాపు 8,000 గంటలు వస్తుంది. రోజుకు 5 గంటల వాడకానికి ఇది నాలుగేళ్లు దాటుతుంది. నాలుగు పైసలు మిగులుతాయని దాని స్థానంలో 85 డిగ్రీల వద్దే 2,000 గంటలు నిలిచే రకం పెడితే? లెక్క 400 రోజులకు పడిపోతుంది. సర్క్యూట్ పటంలో గీత కూడా మారదు, మొదటి రోజు బల్బు వెలుగులోనూ తేడా కనబడదు.

అందుకే జాగ్రత్త గల తయారీదారులు పెద్ద ఎత్తున మొదలుపెట్టే ముందు కొద్ది సంఖ్యలో చేసి, వేడి గదిలో గంటల తరబడి వెలిగిస్తారు, కొన్నింటిని విప్పి చూస్తారు. భాగం మారిన ప్రతిసారీ ఇదంతా మళ్లీ చేయాలి. ఇక్కడే ఖర్చు తగ్గించుకోవాలన్న ఆశ ఎక్కువ.

బల్బు పెట్టె మీది బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు ప్రధానంగా విద్యుత్ భద్రతకు సంబంధించినది. లోపలి కెపాసిటర్ మీద 105 అని ఉందో 85 అని ఉందో తెలియాలంటే బల్బు విప్పాల్సిందే.